తండా లేచిన మంగళవారం

మండలం గురించి రాయమన్నారు. మా బడి గోడ మీద "మన మండలం: చరిత్ర, భూగోళం" అని రంగుల్లో రాయించాలట. సాంఘిక శాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. సరే అని కూర్చున్నాను. చుట్టూ ఏయే మండలాలున్నాయో రాశాను. ఎర్ర నేలలు, అక్కడక్కడా నల్ల నేలలు, వరి, పత్తి, మిర్చి, పామాయిల్, ఓ వైపు కనకగిరి గుట్టలు, గుట్టల నిండా అడవి. రాస్తుంటే నాకే ఆవులింతలు వచ్చాయి. ఇక ఎనిమిదో తరగతి పిల్లలు దాని ముందు నిలబడి ఏం చదువుతారు?

అందులో మనుషులు లేరు. అదీ నా బాధ. మ్యాపులో గీతలన్నీ దేవుడే గీసినట్టు ఉంటాయి. ఆ గీత మీద కాలు పెట్టి "ఇది ఇక్కడిది కాదు" అన్నవాళ్లు ఎవరూ కనపడరు. నాకు తెలిసి మా చండ్రుగొండ మండలంలో ఆ మాట అన్న మనిషి ఒకామె ఉంది. అని ఊరుకోలేదు, గీతను నిజంగానే కదిలించింది. ఆమె పేరు భూక్యా మంగ్లి. బడి గోడ మీద ఆమె గురించి రాయనివ్వరు గనక ఇక్కడ రాస్తున్నాను.

మంగ్లిది కిషన్‌లాల్ తండా, పుట్టిందీ మెట్టిందీ అక్కడే. గుట్టల పాదాన ఉంటుంది. తండాకు పేరిచ్చిన కిషన్‌లాల్ ఇప్పటి నాయక్, అంటే తండా పెద్ద, హాతీరాంకు తాత. వాళ్ల పెద్దలు ఎడ్ల మీద ఉప్పు బస్తాలు వేసుకుని సముద్రం ఒడ్డు నుంచి పై ఊళ్లకు తిరిగినవాళ్లు. రైళ్లూ లారీలూ వచ్చి ఆ బేరం చచ్చిపోయాక, పశువులకు మేతా నీళ్లూ ఉన్న చోట ఆగిపోయారు. మా వాళ్లు ఆ తరవాత వచ్చారు. మా తాత కృష్ణా జిల్లాలో ఉన్న చిన్న చెక్క అమ్ముకుని, బండి కట్టుకుని వచ్చి పెనుబల్లి పక్కన భూమి కొన్నాడు. ఈ సంగతి ఓసారి మంగ్లికి గొప్పగా చెప్పబోయాను.

"మీరు బండెక్కి వచ్చిండ్రు, మేం నడుసుకుంట వచ్చినం. గంతే గద ఉదయ్ సారూ తేడా" అని నవ్వేసింది.

జిల్లా రెండు ముక్కలైనప్పుడు గుట్టలకు అవతలున్న పెనుబల్లి ఖమ్మంలోనే ఉండిపోయింది. ఇవతలున్న మా చండ్రుగొండ కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. అప్పటి నుంచి నేను రోజూ ఒక జిల్లాలో నిద్ర లేచి ఇంకో జిల్లాలో పాఠం చెబుతున్నాను. రెంటికీ మధ్య ఉన్న అడవికి మాత్రం ఈ సంగతేమీ తెలియదు.

మంగ్లికి అరవై దాటాయి. ఎన్ని దాటాయో అడిగితే కోప్పడుతుంది. సన్నగా, ఎత్తుగా ఉంటుంది. గొంతు ఎంత పెద్దదంటే, బస్సు ముందు తలుపులోంచి ఆమె ఎక్కితే వెనక సీట్లో కునికేవాడు లేచి కూర్చుంటాడు. భర్త వీరన్న పోయి చాలా ఏళ్లయింది. ఒక్కడే కొడుకు, బలరాం. సత్తుపల్లి బొగ్గు గనిలో డంపర్ నడుపుతాడు. నెల జీతం, అక్కడే కిరాయి ఇల్లు. తల్లిని వచ్చి తన దగ్గర ఉండమని అడిగి అడిగి విసిగిపోయాడు.

ఆమె కదలకపోవడానికి కారణం చేను. తండా నుంచి గుట్ట వైపు కొంత దూరం నడిస్తే వాలులో ఉంటుంది. రెండు చెక్కలు. కింది చెక్క వెడల్పయినది, తేమ నిలిచే నేల, పత్తి బాగా పండుతుంది. అది వీరన్న వాళ్ల నాన్న నుంచి వచ్చింది. దాని మీద, ఓ గట్టు ఎక్కితే, పై చెక్క. పెళ్లయిన కొత్తలో వీరన్నా, మంగ్లీ కలిసి రాళ్లు ఏరి, మొద్దులు తవ్వి చేసుకున్న నేల అది. కందులు, జొన్నలు వేస్తారు. పెద్దగా పండేదేమీ లేదు. అయినా కింది చెక్క గురించి చెప్పేటప్పుడు "మా చేను" అనే మంగ్లి, పై చెక్క దగ్గరికి వచ్చేసరికి "నా చేను" అంటుంది.

పోయినేడు ఎండాకాలం, ఇంకా బడికి సెలవులు ఇవ్వకముందే, మంగ్లి తునికాకు కోతలకు అడవిలోకి వెళ్లి తిరిగొస్తుంటే, కింది చెక్కకు దిగువన నేల మీద సున్నంతో గీసిన తెల్లటి గీత కనిపించింది. గీతకు అవతల అడవి. ఆమె చేను మొత్తం అవతలే ఉంది. రెండు చెక్కలూ.

గీత వెంట కందకం తవ్వుతారు, అవతల మొక్కలు నాటుతారు, వానలు ముదిరేలోపు పని అయిపోవాలి. ఈ మాట చెప్పింది అటవీ సెక్షన్ ఆఫీసర్ భార్గవి. ఈ అమ్మాయి కూడా తండాలో పుట్టిందే, భద్రాచలం వైపు. కష్టపడి చదివి ఉద్యోగం తెచ్చుకుంది. మంచి పిల్ల. చెడ్డదైతే ఈ కథ నాకు ఇంకా తేలికయ్యేది.

"పెద్దమ్మా, ఈ గీత నేను గీసింది కాదు" అని భార్గవి తన ఫోను చూపించింది. "హద్దు రాళ్ల పాయింట్లు ఎప్పుడో తీసి పెట్టిండ్రు. ఒక రాయి నుంచి ఇంకో రాయికి సూటిగ పోతది. మీ దగ్గర మూల రాయి ఉన్నది, గాడ గీత మలుపు తిరుగుతది."

"మా దగ్గర హద్దు రాయి ఏడున్నది?"

"మీ తండా మొదట్ల, దారులు కలిసే కాడ. సిందూరం పూసి ఉన్నది గద, నడుమ పెద్దది. దాని వెనక నంబరున్నది."

మంగ్లి భగ్గుమంది. "అది రాయా? అది మా యాడి!"

యాడి అంటే వాళ్ల మాటలో అమ్మ. సీత్లా యాడి. తండా బయట దారులు కలిసే చోట ఏడు రాళ్లుగా నిలబడి ఉంటుంది. ఆషాఢంలో ఓ మంగళవారం తండా అంతా అక్కడికి గుగ్గిళ్లు, పాయసం తీసుకుపోతారు, మేకను కోస్తారు, పశువులను ఆమె ముందు నుంచి తోలతారు. అడవిలోంచి వచ్చే రోగం తండాలోకి రాకుండా ఆమె అడ్డం నిలబడుతుందని నమ్మకం. అందుకే ఆమె చోటు ఎప్పుడూ అడవికీ పొయ్యిలకూ మధ్యే ఉండాలి.

మర్నాడు పొద్దున్నే మంగ్లి మా బడికి వచ్చింది. పాఠం మధ్యలో కిటికీలోంచి, "సారూ, మ్యాపు చూపియ్యి" అంది. పిల్లలు కిసుక్కున నవ్వారు. గోడకున్న జిల్లా పటం దగ్గరికి తీసుకెళ్లాను. తండా ఎక్కడుందో నేను చూపిస్తే అక్కడ బొటనవేలు ఆనించింది. ఆ వేలి కింద మూడు ఊళ్లు, ఓ చెరువు, సగం గుట్ట మాయమయ్యాయి.

"గీ గీత ఎంత లావుంది సారూ?"

"పటంలో సన్నదే. నేల మీదైతే ఓ చేనంత ఉంటుంది."

"గందుకే నా చేను దాని కింద పడి నలుగుతున్నది" అంది. తరవాత అక్కడే బెంచీ మీద కూర్చుని అసలు సంగతి చెప్పింది.

ఆమె చిన్నప్పుడు తండా ఇప్పుడున్న చోట లేదు. పైన, వాలులోనే, ఇప్పటి ఆమె చేనుకు ఆనుకుని ఉండేది. ఒక వానాకాలం వాంతులూ భేదులూ తగిలి పిల్లలు వరసగా చనిపోయారు. ముసలి కిషన్‌లాల్ "లేవండి" అన్నాడు. తండా మొత్తం లేచి కిందికి, రోడ్డు దగ్గరికి వచ్చేసింది. తండా లేస్తే యాడి కూడా లేవాలి, ఆమెను అడవిలో వదిలేసి రాకూడదు. ఏడు రాళ్లనూ బండి మీద పెట్టుకుని తెచ్చి కొత్త చోట నిలబెట్టారు.

"చిన్నవి ఆరూ మావోళ్లు పెట్టినయే. నడుమ పెద్దది మాత్రం మావోళ్లు మొదట ఆ గుట్టకు వచ్చిననాడే గాడ ఒంటరిగ నిలబడి ఉన్నదంట. మాకోసమే ఉన్నదని మొక్కిండ్రు. గది బండెక్కుతుంటే నేను చూసిన సారూ, నా కండ్లతోని."

నాకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వాగలేదు. ఎప్పుడో అడవి సర్వే చేసినవాళ్లు పాతిన మూల రాయిని వీళ్లు అమ్మవారనుకున్నారు. తండాతో పాటు దాన్నీ మోసుకుని కిందికి తెచ్చుకున్నారు. తరవాతెప్పుడో కొత్త యంత్రాలతో పాయింట్లు తీయడానికి వచ్చినవాళ్లు రాయి వెనక నంబరు చూసి, హద్దు రాయికి జనం సిందూరం పూశారనుకున్నారు. జనం రాయి దగ్గరికి వచ్చారనే అనుకున్నారు గానీ, రాయే జనం వెంట వచ్చిందని ఎవరికి తడుతుంది? శాటిలైటు పాపం అబద్ధం చెప్పలేదు. రాయి ఎక్కడుందో అక్కడే చూపించింది. గీత మాత్రం గుట్ట దిగి వచ్చి మంగ్లి చేనును మింగేసింది.

ఇద్దరం కలిసి భార్గవి దగ్గరికి వెళ్లాం. ఆమె అంతా వింది. "మా తండా జరిగినప్పుడు మావోళ్లు కూడా గట్లనే యాడిని మోసుకొచ్చిండ్రు" అంది. "నేను నమ్ముత పెద్దమ్మా. గాని నోటిమాట మీద గీత జరపనీకి నాకు అధికారం లేదు. మూల రాయి పాతేటప్పుడు కింద సున్నం, బొగ్గు వేసి రాళ్లతోని దిమ్మ కట్టేటోళ్లు. రాయి పోయినా దిమ్మ మన్నుల ఉంటది. గది దొరకాలె, మీ రాయి దాంట్ల సరిగ్గ కూసోవాలె. అప్పుడు పెద్ద సార్లను పిలుస్త. పండుగ దాకా కందకం పని ఆపుత, అంతకు మించి నా చేతుల లేదు."

అంటే యాడి తిరిగి పైకి పోవాలి. మంగ్లి ఆ సాయంత్రమే నాయక్ హాతీరాం ఇంటికి వెళ్లింది. హాతీరాం వీరన్నకు పెదనాన్న కొడుకు, మంగ్లికి బావ వరస. వాళ్లు వాళ్ల మాటలోనే మాట్లాడుకున్నారు, నాకు తెలుగులో చెప్పింది మంగ్లి. ఆమె చెప్పడంలో హాతీరాం కొంచెం ఎక్కువ అరిచి ఉండొచ్చు.

"నీ చేను కోసం యాడిని లేపుతవా? తండా లేస్తేనే యాడి లేస్తది. గది ఇయ్యాల పుట్టిన కట్టుబాటా? రేపు పిల్లలకు జరమొస్తే దవాఖానాకు నువ్వు తీసుకపోతవా?"

"చేను నాదే గాని, రేపు గీత ఇంకింత దిగితే మీ చేన్లు ఉంటయా బావా?"

"ఇంగో మాట. గది సర్కారు రాయి అని నువ్వే చెప్తున్నవ్. ఇన్నేండ్లు మనం మొక్కింది సర్కారు రాయికా? గిట్ల ఊరంతా చెప్పుకుంట తిరుగుతవా?"

"ఎవలు పాతితే ఏంది. మొక్కింది మనం" అంది మంగ్లి. హాతీరాం లేచి లోపలికి పోయాడట.

తరవాత ఇల్లిల్లూ తిరిగింది. కొందరు జాలి పడ్డారు, కొందరు తలుపు దగ్గరే సరే సరే అని పంపించేశారు. పండగ ముందు యాడితో ఎవరు పెట్టుకుంటారు? ఆదివారం బలరాం వచ్చాడు. "ఎందుకమ్మా గీ లొల్లి? నాకు జీతం వస్తది గద. తండాల తలెత్తుకోనీకి లేకుంట చేస్తున్నవ్. జల్దీ సామాన్లు సర్దుకో, నాతోని రా."

"నీ జీతం నీది బిడ్డా. నీ కిరాయి ఇంట్ల కూసొని నేనేం చెయ్యాలె? టీవీ చూడాలెనా?"

ఇది నాకు చెబుతూ ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది అదొక్కసారే, అదీ కోపంతో. "ఎవలూ నాది తప్పు అంటలేరు సారూ. ఊకో అంటున్నరు. తప్పు కానప్పుడు ఎందుకు ఊకోవాలె?" అంది. ఆషాఢం వచ్చింది. తొలకరి పడింది. తండా అంతా పత్తి గింజలు పెడుతుంటే ఆమె చేనొక్కటే బోసిగా ఉంది. వానకు సున్నం గీత కొట్టుకుపోతే, దాన్ని మళ్లీ గీసి వెళ్లారు.

సీత్లా పండగ మంగళవారం. అంతకు ముందు శనివారం ఉదయం మంగ్లి ఇంటి ముందు ట్రాలీ ఆటో ఆగింది. మంచం, కుండలు, బియ్యం మూట, పొయ్యి రాళ్లు, రెండు మేకలు ఎక్కించింది. ఇంటికి తాళం వేసింది. హాతీరాం ఇంటి ముందు ఆటో ఆపించి, తన బస్సు గొంతుతో తండా అంతా వినేలా చెప్పింది.

"బావా! నేను లేస్తున్న!"

నేరుగా పైకి వెళ్లి తన చేను గట్టు మీద టార్పాలిన్ కట్టి, పొయ్యి పెట్టి, పొగ లేపింది.

ఆ పొగ తండాలో ప్రతి వాకిట్లోంచీ కనిపించింది. ఇప్పుడు హాతీరాం చిక్కులో పడ్డాడు. పండగ నాడు తండా పొయ్యి ఒక్కటి కూడా యాడికి అడవి వైపున ఉండకూడదు, యాడి అడవికీ పొయ్యికీ నడుమ ఉండాలి. అది చూసుకోవాల్సింది నాయకే. మంగ్లిని కిందికి దించాలి, లేదా ఆమె మన మనిషి కాదని వెలివేయాలి, లేదా యాడిని పైకి తీసుకుపోవాలి. కట్టుబాటు కట్టుబాటు అని గొంతు చించుకున్నవాడిని అదే కట్టుబాటు మెడ పట్టుకుంది. మంగ్లి అంతా ఆలోచించే లేచింది.

ఆదివారం ఆయన గుట్టెక్కాడు. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను, చూడ్డానికి వెళ్లి. మంగ్లి ఆయనకు టీ పెట్టి ఇచ్చింది. ఆయన తాగాడు. నా ముందు కాబట్టి తెలుగులోనే మాట్లాడుకున్నారు.

"దిగు."

"దిగను బావా."

"అయితే నువ్వు మా తండా దానివి కాదంట."

"అను. గాని గిక్కడ కాదు. మంగళారం నాడు యాడి ముందట నిలబడి, అందరూ వినంగ అను. నీ తమ్ముని పెండ్లాం, తన చేనుల తాను పొయ్యి పెట్టుకున్నదని, గందుకు వెళ్లగొడుతున్ననని అను."

హాతీరాం గ్లాసు కింద పెట్టి, నా వైపు కూడా ఒక చూపు విసిరి, ఏదో తిట్టుకుంటూ దిగిపోయాడు. సోమవారం పొద్దున తండాలో కబురు తిరిగింది. తండా లేస్తోంది. ఒక్క రోజుకే, కానీ లేస్తోంది. బలరాం సెలవు పెట్టి వచ్చాడు, మొహం ముడుచుకునే.

మంగళవారం నాటి ఊరేగింపు లాంటిది నేను మళ్లీ చూడను. ఇళ్లకు తాళాలు వేశారు. ప్రతి ఇంటి ఆడమనిషీ మూడు పొయ్యి రాళ్లు, ఒక కుండ తీసుకుని నడిచింది. ఇప్పుడు చాలా ఇళ్లలో పొయ్యే లేదు. కొందరు పక్కింట్లో రాళ్లు అడుక్కున్నారు, ఒకావిడ గ్యాస్ స్టవ్‌నే నెత్తిన పెట్టుకుంది. ఫ్రిజ్‌లూ టీవీలూ మాత్రం లేవలేదు. యాడి ట్రాక్టర్ ఎక్కకూడదని హాతీరాం పట్టుబట్టాడు. తండాలో మిగిలింది ఒకే ఒక ఎడ్ల జత, వాటికి బండి లాగే అలవాటు తప్పి చాలా కాలమైంది. పెద్ద రాయిని పెకలించే ముందు హాతీరాం సారా పోసి, దండం పెట్టి, ఏదో అడిగాడు. అడుగుతూ ఏడ్చాడు. అప్పటిదాకా ఆయన మీద నాకున్న కోపం పోయింది. ఈయన నిజంగానే భయపడుతున్నాడు, అయినా కదిలాడు.

భార్గవి పైన ఎదురుచూస్తోంది. యాడి బండి రాగానే బూట్లు విప్పి పక్కన పెట్టింది.

మంగ్లి పై చెక్కకు ఎగువన, అడవి అంచున ఉన్న ఇప్ప చెట్టు కిందికి నడిచి, "గిదే" అంది. తవ్వారు. ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. "కొంచెం గిటు" అంది. అక్కడా తవ్వారు. చెట్టు చుట్టూ గుంతలు పడ్డాయి. అప్పుడెప్పుడో చిన్నపిల్లగా చూసిన చోటు. ఆ చెట్టు అప్పుడు ఉందో లేదో కూడా ఇప్పుడామె గట్టిగా చెప్పలేకపోయింది. ఎండ ఎక్కింది. పిల్లలు ఆకలని గోల పెట్టారు. మగవాళ్లు గడ్డపారలు పక్కన పడేసి చెట్టు నీడలో చేరి మంగ్లి గురించి ఆమెకు వినపడేలానే మాట్లాడుకున్నారు. హాతీరాం యాడి బండి పక్కన కూర్చుని ఎవరి వైపూ చూడలేదు. మంగ్లి మొహం పాలిపోయింది. మొత్తం తండాను లేపి తెచ్చింది, చూపించడానికి చోటు లేదు.

నేను కిందికి వచ్చి రెండు చెక్కల మధ్య గట్టు మీద కూర్చున్నాను. అక్కడ వీరన్న, మంగ్లి పై చెక్కలోంచి ఏరి పోసిన రాళ్లు కుప్పగా ఉన్నాయి. బలరాం ఎవరితోనూ మాట్లాడలేక ఆ కుప్ప పక్కన ఊరికే గడ్డపార దించుతూ ఉన్నాడు. ఓసారి అది ఠంగుమంది. వంగి చేత్తో మట్టి తీశాడు. రాళ్లు తొలగించి ఇంకొంచెం తవ్వాడు. తెల్లటి సున్నం, దాని కింద నల్లటి బొగ్గు, చుట్టూ వరసగా పేర్చిన రాళ్లు, మధ్యలో నలుచదరంగా గుంత.

బలరాం తల్లిని పిలిచాడు, గట్టిగా కాదు. ఆమె వచ్చి చూసింది. ఆ తరవాత కొడుకు మొహం చూసింది. వాడికి అప్పటికే అర్థమైంది. మూల రాయి ఇక్కడుంటే గీత ఈ గట్టు మీదుగా పోతుంది. కింది చెక్క ఆమెదే. పై చెక్క అడవిది.

"అమ్మా, మన్ను కప్పేస్త" అన్నాడు బలరాం. "చెట్టు కాడ ఇన్ని గుంతలున్నయ్. వాటిల ఒకదాంట్ల గీ సున్నం, బొగ్గు వేసి చూపెడదాం. ఎవలకు తెలుస్తది? సారు చెప్తడా?"

నన్నొకసారి చూశాడు. నిజం చెప్పాలంటే, కప్పేస్తే బాగుండుననే అనిపించింది నాకు. ఆమె ఆ నేలను ఎలా చేసుకుందో నాకు తెలుసు. ఎవడో గీసిన గీత కోసం దాన్ని వదులుకోవడం అన్యాయమనిపించింది.

మంగ్లి పై చెక్క వైపు తిరిగి నిలబడింది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. బలరాం గడ్డపార పట్టుకుని ఆమె ఊ అంటుందని చూస్తున్నాడు.

"నువ్వు పుట్టకముందు చేసిన నేల బిడ్డా అది" అంది చివరికి. "మీ నాయన చేతులు రక్తాలు కారేటియి." గుంత వైపు చూసింది. "గాని యాడిని లేపి తెచ్చిన. ఆమె జాగ కాని జాగల నిలబెట్టి రేపు ఏ మొహంతోని మొక్కాలె?"

కొంగు దింపింది. చెట్టు వైపు తిరిగి, గుట్ట అదిరేలా అరిచింది.

"బావా! యాడి జాగ దొరికింది! గిటు రాండ్రి!"

జనం పరుగెత్తుకొచ్చారు. హాతీరాం గుంత అంచున మోకాళ్ల మీద కూలబడ్డాడు. పెద్ద రాయిని బండి మీంచి దించి, నలుగురు పట్టి, మెల్లగా గుంతలోకి జార్చారు. అది ఎటూ ఊగకుండా, ఏ పక్కా సందు లేకుండా కూర్చుంది. ఆడవాళ్లు ఒక్కసారిగా పాట ఎత్తుకున్నారు. ఆరు చిన్న రాళ్లనూ పక్కన నిలిపారు, గట్టు పొడుగునా పొయ్యిలు వెలిగాయి, పశువులను యాడి ముందు నుంచి తోలారు.

భార్గవి ఫోనులో పాయింటు తీసుకుని మంగ్లి దగ్గరికి వచ్చింది. "పెద్దమ్మా, పై చెక్క..."

"కండ్లున్నయ్ బిడ్డా నాకు. కనబడుతున్నది" అంది మంగ్లి. "కింది చెక్క నాదని రాస్తవు గద?"

"రాస్త."

"అయితే గుగ్గిళ్లు తిను."

పై అధికారులు వచ్చారు, దిమ్మ చూశారు, రాయి చూశారు, ఫొటోలు తీసుకున్నారు. గీత మారింది. యాడి ఇక పైనే ఉండాలని తేలింది. ఇప్పుడు పండగకు తండా అంతా గుట్టెక్కుతుంది. ఈ ఆలోచన మొదటి నుంచీ తనదేనన్నట్టు హాతీరాం చెప్పుకుంటాడు. మంగ్లి అడ్డు చెప్పదు.

కందకం తవ్వే రోజు నేను వెళ్లాను. బలరాం రాలేదు, చూడలేనన్నాడు. మంగ్లి అప్పటికే కింది చెక్కలో గింజలు పెట్టేసింది, ఆలస్యమైనా మొలకలు లేచాయి. జేసీబీ గట్టు వెంట తవ్వుకుంటూ వస్తోంది. దాన్ని నడిపే కోటేష్ పెనుబల్లి కుర్రాడు, జరిగిందంతా విన్నవాడు. యాడికి కొంత దూరంలో ఉండగా బండిని మెల్లగా పైకి తిప్పాడు, పై చెక్కలో ఓ ముక్క ఆమె వైపు మిగిలేలా. భార్గవి చూసింది. చూసి, అడవి వైపు మొహం తిప్పుకుంది. నేనూ అటే చూశాను.

మంగ్లి పరుగున వెళ్లి బండికి అడ్డం నిలబడింది.

"ఎటు పోతున్నవ్ తమ్మీ?"

"ఏం కాదులే అమ్మా. కొంచెమే. ఎవరు కొలుస్తారు?"

"నేను కొలుస్త" అంది మంగ్లి. "ఇయ్యాల నువ్వు నాకోసం వంకర తవ్వితే, రేపు ఇంకోడు వానికోసం వంకర తవ్వుతడు. నాకు మిగిలింది గా కింది చెక్క ఒక్కటే. గిది సూటిగ ఉంటేనే గది నాకు నిలుస్తది. వెనక్కి తియ్, యాడి కాడికి సూటిగ రా."

కోటేష్ భార్గవి వైపు చూశాడు. ఆమె తల ఊపింది. బండి వెనక్కి వచ్చింది. మంగ్లి పక్కకు జరిగి, చెయ్యి చాచి దారి చూపిస్తూ, పై చెక్క అంచు మీదుగా దాని ముందు నడిచింది.